తప్పా, పొరపాటా, దోషమా?

ప్రశ్న: మా అమ్మాయి సైన్సు రికార్డులో కొలతల ‘ఎర్రర్’ను దోషం అని రాయిస్తున్నారు. వినడానికి నేరంలా ఉంది. తప్పు, పొరపాటు, దోషం – వీటిలో ఏది సరైనది? ‘ఖచ్చితం’లో ఒత్తు ఉండాలా?

సమాధానం: దోషం సంగతి తరవాత చూద్దాం. ముందు ‘తప్పు’కు మనం చేసిన అన్యాయం చెప్పుకోవాలి.

తప్పు మొదట క్రియ. గురి తప్పింది, దారి తప్పాడు, తాళం తప్పింది. వీటిలో నేరం ఎక్కడుంది? ఉండవలసిన చోటి నుంచి పక్కకు జరగడం, అంతే. ‘నెల తప్పింది’ అంటే ఇంటిల్లిపాదీ సంబరపడతారు గాని ఎవరూ క్షమాపణ అడగరు. ఎర్రర్‌కు మూలమైన లాటిన్ క్రియకూ తిరుగాడటం, దారి తప్పడం అనే అర్థాలే. పుస్తకాల చివర వేసే ‘ఎర్రాటా’ ఆ ఇంటి పిల్లే. దాన్ని మనవాళ్లు తప్పొప్పుల పట్టిక అన్నారు. ఇంతకంటే ఈడైన జోడీ ఏ పండితుడు కుదర్చగలడు?

ఇక వేమన. ‘తప్పులెన్నువారు తండోపతండంబు, లుర్విజనులకెల్ల నుండు తప్పు’ అన్న పద్యాన్ని ఎదుటివాళ్లను దెప్పడానికి వాడి వాడి అరగదీశాం. అందులో ‘ఎన్ను’ను ఎవరూ పట్టించుకోరు. ఎన్నడమంటే లెక్కించడం కూడా. వేమన లోలకం పట్టలేదు, నిజమే. అయినా ఆ రెండో పాదం ప్రయోగశాల గోడమీద రాసుకోదగ్గది.

ఎలాగంటారా? మీటరు పొడవున్న లోలకానికి 20 డోలనాల (ఒకసారి అటూ ఇటూ ఊగి మొదటి చోటికి వస్తే ఒక డోలనం) కాలం మీ అమ్మాయి అయిదుసార్లు చూసిందనుకోండి: 40.2, 40.0, 40.3, 39.9, 40.1 సెకన్లు. సగటు 40.1. దాని నుంచి ఒక్కో కొలత ఎంత తప్పిందో, ఎక్కువా తక్కువా అనేది వదిలేసి చూస్తే 0.1, 0.1, 0.2, 0.2, 0. వీటి సగటు 0.12. రికార్డులో 40.1 ± 0.1 అని రాస్తుంది. వాచీ మీద బొటనవేలు ఒకసారి ముందు, ఒకసారి వెనక పడింది. ఇందులో పిల్ల నేరమేముంది? ‘తమ తప్పులెరుగరు’ అన్న మూడో పాదం ఈమెకు వర్తించదు. తన తప్పు తానే ఎన్ని, కొలత పక్కనే రాసుకుంది.

అదే పిల్ల వాచీ నొక్కుతూ ‘సున్న’ అనవలసింది ‘ఒకటి’ అంటే 19 డోలనాలే అవుతాయి, 38.1 వస్తుంది. అది పొరపాటు. కంటికి పొర కమ్మడం నుంచే ‘పొరపడు’ పుట్టిందని నాకు తోస్తుంది గాని పట్టుబట్టను. దాన్ని సగటులో కలపకుండా మళ్లీ లెక్కపెట్టాలి.

దోషం దుష్ ధాతువు నుంచి వచ్చింది, చెడటమని అర్థం. సన్నని తీగల మందం కొలిచే స్క్రూగేజి సున్న దగ్గర నిలవకపోతే దానికి ‘శూన్యాంశ దోషం’ అన్నది చక్కగా అతుకుతుంది. చెడింది పరికరం, ప్రతి కొలతనూ ఒకే పక్కకు లాగుతుంది, ఎన్నిసార్లు చూసి సగటు కట్టినా పోదు. బొటనవేలి తడబాటునూ దోషమే అనడం నాకు రుచించదు. కాకపోతే వైద్యంలో వాత పిత్త కఫాలనూ దోషాలే అంటారు, అవి లేని ఒళ్లు లేదు. కాబట్టి పాఠ్యపుస్తకాలవాళ్లు పూర్తిగా దారి తప్పారని అనలేను. కానీ దోషమన్న మాట చెవిన పడగానే పిల్లలు రబ్బరు తీసి, లోలకంతో లెక్కగట్టే గురుత్వ త్వరణం పుస్తకంలోలా 9.8 వచ్చేదాకా కొలతలు దిద్దుతున్నారే, అది చూస్తే ఒళ్లు మండుతుంది. ‘ఎర్రర్ కొట్టింది’ అనే పెద్దల తెలుగు చూసినా అంతే.

పరీక్షలో దోషం అనే రాయనివ్వండి, మార్కులు దానికే. ఇంట్లో మాత్రం ‘ఎంత తప్పింది?’ అని అడిగి చూడండి. ‘నీ తప్పెంత?’ అనకండి. క్రియగా ఉన్నంతసేపూ ఆ మాట అమాయకమైనది, నామవాచకం కాగానే బోనెక్కుతుంది. ఆ నామవాచకానికి పాత గౌరవం తిరిగి వస్తుందా అంటే, నాకు నమ్మకం తక్కువే.

ఒత్తు అక్కర్లేదు. నేను ‘కచ్చితం’ అనే రాస్తాను.