పాడి సందేహాలు: పాలలో ఈసుకుపోవు రోగం జాడ

ప్రశ్న: మాకు ఆరు సంకరజాతి ఆవులున్నాయి. ఈ ఏడాది రెండు ఆవులు ఏడో నెల చూడితో ఈసుకుపోయాయి (నెలలు నిండకుండానే దూడను పడేశాయి), మాయ కూడా సరిగా పడలేదు. పాలు పరీక్షిస్తే రోగం తెలుస్తుందంటున్నారు. పాల కేంద్రంలో రోజూ చూస్తున్నారు కదా, అక్కడ బయటపడదా?
– ఒక రైతు, గరివిడి మండలం, విజయనగరం జిల్లా

జవాబు: బయటపడదు. అక్కడ చూసేది వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) మాత్రమే. ఈసుకుపోవు రోగం తెచ్చే బ్రూసెల్లా సూక్ష్మజీవి సోకిన ఆవు పాలు రంగులోనూ రుచిలోనూ మామూలుగానే ఉంటాయి.

మీరు విన్నది మిల్క్ రింగ్ పరీక్ష. చంపి, నీలిరంగు ఎక్కించిన బ్రూసెల్లా సూక్ష్మజీవుల ద్రావణాన్ని 0.03 మి.లీ. తీసుకుని, సన్నటి గాజు గొట్టంలో 1 మి.లీ. పచ్చిపాలకు కలిపి 37 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచుతారు. పాలలో ఈ రోగపు యాంటీబాడీలుంటే అవి నీలి సూక్ష్మజీవుల్ని వెన్న కణాలకు అంటగడతాయి. మీగడ తేలేటప్పుడు రంగూ దాంతోపాటే పైకొస్తుంది. పైన నీలి వలయం, కింద తెల్లటి పాలు కనిపిస్తే అనుమానించాల్సిందే. పాలు నీలంగా ఉండిపోయి మీగడ తెల్లగా తేలితే యాంటీబాడీలు దొరకనట్టు.

పరీక్ష చెడేది చాలావరకు పాలు పట్టుకెళ్లే దగ్గరే. మీగడ తీసినవి, కాచినవి, గడ్డకట్టించినవి పనికిరావు. బండి మీద కుదుపులకు చిలికినట్టయినా ఫలితం నమ్మలేం. పొదుగు కడిగి, మొదటి ధారలు వదిలేసి, నాలుగు చన్నుల పాలూ మెల్లగా కలిపి, 20 మి.లీ. శుభ్రమైన సీసాలో పోసి ఐసు పెట్టెలో పంపండి. పరీక్ష 72 గంటల్లోపు జరగాలి. పాల కేంద్రం క్యానులోంచి మాత్రం తీయొద్దు. ఊరందరి పాలలో ఒక్క ఆవు యాంటీబాడీలు పలచబడి వలయం రాకపోవచ్చు.

జున్నుపాలు, వట్టిపోయే ముందు పాలు, పొదుగువాపు పాలు రోగం లేకపోయినా వలయం చూపించగలవు. టీకా వేసి 4 నెలలు దాటకపోయినా అంతే. నిజానికి మీలాంటి చిన్న శాలకు, అందులోనూ ఆవులు ఈసుకుపోయాక, రక్తపరీక్షే మేలు. పశువైద్యాధికారి చేత ఆరింటికీ రక్తం తీయించండి. రోజ్ బెంగాల్ పరీక్ష 4 నిమిషాల్లో తేలుతుంది, ఎలీసా అనే మరో రక్తపరీక్షతో ధ్రువపరుస్తారు. ఈసుకుపోయిన వెంటనే తీసిన రక్తంలో ఒక్కోసారి తెలియదు, 2–3 వారాలకు మళ్లీ చేయించాలి. ఈలోగా ఆ ఆవుల్ని విడిగా కట్టండి, సంతకు తోలకండి. ఇకముందు ఏ ఆవు ఈసుకుపోయినా పిండాన్నీ మాయనూ వట్టి చేతులతో ముట్టుకోకుండా, కుక్కలకు అందకుండా సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి.

ప్రశ్న: మా పిల్లలకు గుమ్మపాలు అలవాటు. ప్రమాదమా? టీకా ఎప్పుడు వేయించాలి?
– ఒక గృహిణి, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాన్పించండి. పాలు పొంగేదాకా కాస్తే ఈ సూక్ష్మజీవి చస్తుంది, గుమ్మపాలలో ఆ రక్షణ లేదు. వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు, రాత్రి చెమటలు ఉంటే ఇంట్లో పశువులున్నాయని వైద్యుడికి ముందే చెప్పండి, లేకుంటే టైఫాయిడ్ అనుకునే వీలుంది. ఈ రోగానికి వేసే ఎస్-19 టీకా 4–8 నెలల పెయ్యలకు ఒక్కసారే. మగదూడలకు, చూడి పశువులకు వేయకూడదు. అది బతికున్న సూక్ష్మజీవుల టీకా కాబట్టి దూడను పట్టుకునేవాళ్లు సూది తగలకుండా, మందు కంట్లో పడకుండా చూసుకోవాలి.