“ఇంజన్ పోయింది” అన్నంత మాత్రాన లక్షా అరవై వేలు ఇచ్చేయాలా?

ప్రశ్న: మాది వనస్థలిపురం. 2012 జూన్‌లో రిజిస్టరైన ఇన్నోవా 2.5 డీజిల్, 2.4 లక్షల కిలోమీటర్లు తిరిగింది. పోయిన వారం విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటాక టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. దాబా దాకా నడిపి ఆపాను. చల్లారాక స్టార్ట్ అయింది కానీ తెల్లపొగ వస్తోంది, రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయి. గ్యారేజీలో ఇంజన్ విప్పకుండానే “ఇంజన్ పోయింది, మొత్తం పని చేయాలి, 1.6 లక్షలు” అన్నారు. పాత ఇంజన్ ఎక్కిస్తే 1.1 లక్షలట. ఉన్నదున్నట్టు అమ్మితే 1.3 లక్షలు ఇస్తారట. నడిచే కండిషన్‌లో ఇలాంటి బండి 3.5 లక్షలు పలుకుతోంది. జీతం 62 వేలు, అద్దె 18 వేలు, ఎఫ్‌డీ 3 లక్షలు, నెలకు మ్యూచువల్ ఫండ్ సిప్ 8 వేలు. పర్సనల్ లోన్ తీసుకుని బాగు చేయించాలా, 10 లక్షల లోన్‌తో కొత్త బండి కొనాలా? ఇన్సూరెన్స్ ఏమైనా ఇస్తుందా?

జవాబు: ముందు ఇన్సూరెన్స్ సంగతి. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో యంత్రం తనంతట తాను చెడిపోతే డబ్బు రాదు. ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్‌ఆన్ కూడా నీళ్లు చేరడం, ఆయిల్ కారిపోవడం లాంటి వాటికే. పాత బండ్లకు దాన్ని చాలా కంపెనీలు ఇవ్వవు కూడా. పాలసీలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే బండి ఎత్తుకెళ్లే ఖర్చు మాత్రం మిగులుతుంది, అది చూసుకోండి.

ఇక అసలు విషయం. తెల్లపొగ, రేడియేటర్‌లో బుడగలు, ఈ రెండూ ముందుగా చూపించేది హెడ్ గ్యాస్కెట్‌నే, అంటే ఇంజన్ పై భాగమైన హెడ్‌కూ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పల్చటి సీలునే. దాని ఖర్చు వేరు, మొత్తం ఇంజన్ పని ఖర్చు వేరు. విప్పకుండా, కొలవకుండా చెప్పిన 1.6 లక్షలు అంచనా కూడా కాదు, ఊహ. ఐదారు వేలు పరీక్షలకు పెట్టండి. ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి లాభసాటి ఖర్చు ఇదే.

బండిని ఇక స్టార్ట్ చేయకండి. కూలెంట్ ఆయిల్‌లో కలిసి ఉంటే నడిపిన ప్రతి నిమిషం బేరింగులను తినేస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలకాఫీ రంగులో నురగగా ఉంటే కలిసినట్టే. ఇంకో గ్యారేజీకి ఫ్లాట్‌బెడ్ (బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే లారీ) మీదే పంపండి.

అక్కడ అడగాల్సింది మూడు పరీక్షలు. మొదటిది, రేడియేటర్ నోటి దగ్గర నీలిరంగు ద్రవంతో చేసే గ్యాస్ టెస్ట్. రంగు మారితే సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని రుజువు. రెండోది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూడటం. గ్లో ప్లగ్గులు తీసి నాలుగు సిలిండర్లకూ గేజ్ పెట్టి రీడింగ్ కాగితం మీద రాయించుకోండి. డీజిల్ ఇంజన్‌కు సాధారణంగా 25 నుంచి 30 బార్ ఉండాలి. అంకె ఎంత ఉందన్న దానికన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ కాలినట్టు అనుమానించాలి.

మూడోది లీక్‌డౌన్. పిస్టన్‌ను పైకి తెచ్చి సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి వదులుతారు. అది ఎటు నుంచి బయటికి వస్తుందో చెవి పెట్టి వినడమే. రేడియేటర్‌లో బుడగలైతే గ్యాస్కెట్ లేదా హెడ్ పగులు. ఆయిల్ పోసే మూత దగ్గర గట్టిగా బుస్సుమంటే రింగులు. ఎయిర్ ఫిల్టర్ పైపులోనైతే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్‌లోనైతే ఎగ్జాస్ట్ వాల్వు. మెకానిక్ పక్కన నిలబడి మీరూ వినండి, చదువు అక్కర్లేదు దానికి.

గాలి ఆయిల్ మూత నుంచి రాకపోతే ఇంజన్ కింది భాగం (సిలిండర్లు, పిస్టన్లు, రింగులు) బతికే ఉందని ఆశ పెట్టుకోవచ్చు. అప్పుడు హెడ్ దించి లేత్ షాపుకు పంపాలి. అల్యూమినియం హెడ్ వేడికి వంగుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో కొలిచి, ప్రెషర్ టెస్ట్‌లో పగుళ్లు చూసి, అవసరమైతేనే ఫేసింగ్ (అడుగు తలాన్ని చెక్కి సమం చేయడం) చేయాలి. పగులుంటే వెల్డింగ్‌కు ఒప్పుకోవద్దు, వేరే హెడ్ వేయించండి. డీజిల్‌లో పిస్టన్ బ్లాక్ పైకి ఎంత పొడుచుకొచ్చిందో కొలిచి దానికి తగ్గ మందం గ్యాస్కెట్ వేయాలి. “సైజు ఏదైనా ఒకటే” అన్నవాడి దగ్గర పని చేయించకండి. ఇంజెక్టర్ల కింద రాగి వాషర్లు, టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు, థర్మోస్టాట్ ఇప్పుడే మార్చేయండి. వీటికి విడిగా మళ్లీ విప్పితే లేబర్ రెండుసార్లు అవుతుంది. సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దింపి ఆయిల్ స్ట్రెయినర్ (జల్లెడ) చూడండి. అందులో లోహపు మెరుపు రజను కనిపిస్తే బేరింగులు పోయాయి, లెక్క మారిపోతుంది.

అసలు వేడెక్కింది ఎందుకో తేలాలి. రేడియేటర్ లోపల పూడుకుపోయిందా, ఫ్యాన్‌ను తిప్పే విస్కస్ కప్లింగ్ జారిపోతోందా, మూత స్ప్రింగ్ వదులైందా? అది తేలకుండా గ్యాస్కెట్ మార్చితే వచ్చే వేసవిలో మళ్లీ ఇదే ఖర్చు. సామాన్లు రాణిగంజ్‌లోనో పుత్లీబౌలిలోనో మీరే తెచ్చుకోవచ్చు, కానీ గ్యాస్కెట్, బెల్ట్ మాత్రం ఒరిజినల్ బిల్లుతోనే కొనండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలపై జీఎస్టీ 18 శాతం. ఎస్టిమేట్‌లో 28 కనిపిస్తే అడగండి.

ఇవన్నీ కలిపి, హెడ్ పగలకపోతే, బయటి మంచి గ్యారేజీలో 45 వేల దగ్గర తేలాలి. బండి విలువ 3.5 లక్షలకు తిరిగొస్తుంది కాబట్టి 1.3 లక్షలకు ఇచ్చేయడం దండగ. కింది భాగం నిజంగా పోయి సిలిండర్లకు బోర్ వేసి (లోపల చెక్కి వెడల్పు చేసి), ఓవర్‌సైజ్ పిస్టన్లు, బేరింగులు వేయాల్సి వస్తే 1.6 లక్షలు కూడా కాగితం మీద గిట్టుబాటే: మూడేళ్లు నడిస్తే నెలకు 4,444 రూపాయలు. కానీ మీ గరిష్ఠం 1.75 లక్షలు, నడిచే బండి ధరలో సగం, అని ముందే రాసుకోండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కూడా పోయిందని గ్యారేజీ నుంచి ఫోన్ వచ్చి అది దాటితే ఆపేసి ఉన్నదున్నట్టు అమ్మేయండి. సగం విప్పిన బండికి ధర ఇంకా తగ్గుతుంది, ఆ నష్టానికి సిద్ధపడాలి.

పాత ఇంజన్ జోలికి పోవద్దంటాను. 50 వేలు తక్కువనిపిస్తుంది గానీ దాని చరిత్ర ఎవరికీ తెలియదు. పైగా ఇంజన్ నంబర్ మారితే ఆర్టీఏలో ఆర్‌సీ మీద ఎక్కించుకోవాలి. నంబర్ కలవకపోతే క్లెయిమ్ దగ్గర, అమ్మేటప్పుడు ఇబ్బంది.

కొత్త బండి సంగతి: 10 లక్షలకు 9.5 శాతం, ఏడేళ్లు అంటే ఈఎంఐ 16,344. వడ్డీయే 3.73 లక్షలు. అద్దె, ఈఎంఐ, సిప్ కలిపితే 42 వేలు దాటి, మిగిలేది 20 వేల లోపు. ఇప్పుడొద్దు. అయితే ఆర్‌సీ 2027 జూన్‌తో ముగుస్తుంది. ఫిట్‌నెస్ చూపి ఐదేళ్లకు రెన్యూవల్ చేయించుకోవాలి, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఢిల్లీలోని పదేళ్ల డీజిల్ ఆంక్ష మనకు లేదు, ఆ భయంతో అమ్మకండి.

డబ్బు ఎక్కడిదంటే, పర్సనల్ లోన్ వద్దు. 1.5 లక్షలకు 14 శాతంతో రెండేళ్లంటే వడ్డీ దాదాపు 23 వేలు. ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోండి. సాధారణంగా 90 శాతం దాకా ఇస్తారు, వడ్డీ ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ. ఎఫ్‌డీ అలాగే ఉంటుంది. సిప్‌ను ఆరు నెలలు 8 వేల నుంచి 3 వేలకు తగ్గించి ఆ 5 వేలు అప్పుకు కట్టండి. 45 వేల పనైతే అప్పులో చాలా భాగం ఆరు నెలల్లోనే తీరుతుంది.

పని మొదలయ్యే ముందు సామాన్లు, లేబర్ వేర్వేరుగా రాసిన ఎస్టిమేట్, చేసిన పనికి కనీసం ఆరు నెలల వారంటీ బిల్లు మీదే రాయించుకోండి. తీసేసిన పాత సామాను మీకే ఇవ్వాలని ముందే చెప్పండి. డెలివరీ తర్వాత 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మరోసారి మార్చాలి. ఈ ఇంజన్‌కు దాదాపు 7 లీటర్లు పడుతుంది, ఆ ఖర్చు కూడా 45 వేలలో కలిపి మాట్లాడుకోండి.