ఆలస్యం సున్నా అని చూపితే రెప్లికా వెనకబడనట్టేనా?

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో రెప్లికా (ప్రధాన సర్వర్‌కు నకలుగా నడిచే సర్వర్) ఎంత వెనకబడిందో తెలుసుకోవడానికి, అది సెకన్లలో చూపే ‘సెకండ్స్ బిహైండ్ సోర్స్’ అంకె ఒక్కటి చాలుతుందా అని అడిగారు. చాలదు. దాన్ని నమ్మి నేను ఒక రైతును సాయంత్రం దాకా కూర్చోబెట్టాను.

వరంగల్‌లో మిర్చి అడ్తిదారుల (కమీషన్ ఏజెంట్ల) లెక్కల సాఫ్ట్‌వేర్‌ను నేను చూసుకుంటాను. ప్రధాన సర్వర్ ఇక్కడే ఉంది, రెప్లికా హైదరాబాద్‌లో ఉంది. ఎనుమాముల మార్కెట్లో కాంటా కాగానే తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) ఇక్కడ నమోదవుతుంది. చెల్లింపుల జాబితా మాత్రం రెప్లికా నుంచి తీసేవాళ్లం. ఒక మార్చిలో, వరుస సెలవుల తర్వాత మార్కెట్ తెరిచిన రోజు యార్డు నిండా బస్తాలే. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చేతిలో తక్‌పట్టీ ఉంది, జాబితాలో పేరు లేదు. నా స్క్రీన్‌పై ఆలస్యం సున్నా. మళ్లీ నమోదు చేయమని గుమాస్తాకు చెప్పబోయి ఆగాను. చెప్పి ఉంటే ఒకే సరుకుకు రెండు బిల్లులు తయారయ్యేవి.

కారణం రాత్రికి గానీ తెలియలేదు. రెప్లికాలో ఒక థ్రెడ్ (విడిగా నడిచే పని) ప్రధాన సర్వర్ లాగ్‌ను, అంటే అక్కడి మార్పుల చిట్టాను, తెచ్చుకుంటుంది, ఇంకొకటి తెచ్చినదాన్ని అమలు చేస్తుంది. ఆ అంకె చెప్పేది రెండో థ్రెడ్ సంగతే. ఆ రోజు మా ఇంటర్నెట్ లైను బాగా నెమ్మదించి లాగ్ రావడమే ఆలస్యమైంది. వచ్చిన కాస్తా అప్పటికప్పుడు అమలైపోతోంది కాబట్టి సున్నా చూపింది. పాత వెర్షన్లలో కనిపించే ‘సెకండ్స్ బిహైండ్ మాస్టర్’ కూడా ఇదే, 8.0.22లో పేరు మారింది.

నమ్మదగిన పద్ధతి ఇది. ప్రధాన సర్వర్‌లో ఒకే వరుస ఉన్న చిన్న టేబుల్ పెట్టి, ప్రతి సెకనూ అందులో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాయించండి. రెప్లికాలో ఆ వరుసను చదివి, అక్కడి ప్రస్తుత యూటీసీ సమయంలోంచి తీసివేయండి. తక్‌పట్టీ వెళ్లే దారిలోనే ఈ సమయమూ వెళ్తుంది. దారిలో ఎక్కడ ఆగినా తేడాలో కనిపిస్తుంది. పెర్కోనా టూల్‌కిట్ అనే డేటాబేస్ పనిముట్ల సెట్‌లోని పీటీ-హార్ట్‌బీట్ చేసే పని ఇదే.

రెండు సర్వర్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతితో) సరిపోలాలి. మాకు మొదటి రోజు ఆలస్యం మైనస్‌లో వచ్చింది, రెప్లికా గడియారమే వెనక ఉంది. సమయం రాసే ప్రోగ్రాం ఆగిపోయినా తేడా పెరుగుతూ పోతుంది, దానిపై విడిగా నిఘా ఉంచండి. రెప్లికాలో మార్పులను ఒకేసారి అమలు చేసే సమాంతర థ్రెడ్లు వాడుతుంటే, ప్రధాన సర్వర్‌లోని క్రమాన్నే పాటించే ‘రెప్లికా ప్రిజర్వ్ కమిట్ ఆర్డర్’ సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే సమయం వరుస ముందు చేరి, అసలు లావాదేవీలు వెనక మిగలవచ్చు. 8.0.27 నుంచి అది ముందుగానే ఆన్‌లో వస్తుంది.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడేవారికి దీనికి తలకిందుల చిక్కు ఉంది. చివరిగా అమలైన లావాదేవీ సమయాన్ని ప్రస్తుత సమయంలోంచి తీసివేస్తే, ప్రధాన సర్వర్ ఖాళీగా ఉన్న రాత్రి వేళ లేని ఆలస్యం గంటల్లో కనిపిస్తుంది. సెకనుకోసారి రాసే ఆ వరుస అక్కడా పనికొస్తుంది.

ఇప్పుడు మా చెల్లింపుల స్క్రీన్‌పైనే ఆ తేడా కనిపిస్తుంది. 10 సెకన్లు దాటితే జాబితా నేరుగా ప్రధాన సర్వర్ నుంచే వస్తుంది.