క్రీస్తు ఒక్కసారే బలి అయితే, కతోలికులు రోజూ పూజలో (మాస్ అనే ఆరాధనలో) బలి అర్పించడం ఏంటి?

కతోలికుల లెక్కలో అది కొత్త బలి కాదు. బైబిల్లోని హెబ్రీయుల లేఖ ప్రకారం పాత యాజకులు చనిపోతుంటే ఇంకొకరు వచ్చేవాళ్లు, బలులూ మళ్లీ మళ్లీ జరిగేవి; యేసు ఆ యాజకుల లేవీ గోత్రం కూడా కాదు, యూదా గోత్రం, అయినా మెల్కీసెదెకు క్రమంలో నిత్య యాజకుడు, ఎందుకంటే తిరిగి లేచాడు, ఇక చావు లేదు. ఈ మెల్కీసెదెకు అబ్రాహాముకు రొట్టె, ద్రాక్షరసం తెచ్చిన రాజు (పూజలో ఉండేవీ అవే, గమనించండి). సిలువ మీద అర్పించినవాడే బలిపీఠం మీదా అర్పిస్తాడు, బలి అయ్యేదీ ఆయనే, తేడా అల్లా ఇక్కడ రక్తం చిందకపోవడమే అని 1562లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ తేల్చింది.

పూజలో రొట్టెను పవిత్రపరిచేటప్పుడు గురువు (కతోలిక యాజకుడు) ‘ఇది నా శరీరము’ అంటాడు, ‘ఇది క్రీస్తు శరీరము’ అనడు; అప్పుడు గురువు నోట మాట్లాడేది క్రీస్తే అని నమ్మకం. గురుపట్టం (గురువుగా అభిషేకం) చెరగని ముద్ర అనేదీ అందుకే. బాధ్యతల నుంచి తప్పించిన గురువైనా సరే, చావుబతుకుల్లో ఉన్న మనిషి పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) విని క్షమాపణ ఇవ్వొచ్చు.