తొలినాళ్ల ప్రాంతీయ మోటారు క్లబ్బులు ఏటా ఏం చేసేవి?

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఇంగ్లండ్‌లోని మిడ్‌ల్యాండ్ ఆటోమొబైల్ క్లబ్. 1901లో పుట్టింది. దాని ఏటేటి పండగ షెల్స్లీ వాల్ష్ అనే ఊళ్లో కార్లతో కొండ ఎక్కే పోటీ. 1903 నాటి బ్రిటన్ మోటారు కార్ల చట్టం ప్రకారం రోడ్ల మీద వేగ పరిమితి గంటకు 20 మైళ్లే. అందుకే ప్రైవేటు పొలాల మధ్య దారిని ఎంచుకున్నారు.

దూరం సుమారు వెయ్యి గజాలు, అంటే కిలోమీటరు కూడా లేదు. కానీ ఎత్తు దాదాపు వంద మీటర్లు పెరుగుతుంది. బండ్లు ఒక్కొక్కటిగా ఎక్కాలి, పోటీ అంతా గడియారంతోనే. 1905 ఆగస్టు 12న జరిగిన మొదటి పోటీలో ఎర్నెస్ట్ ఇన్‌స్టోన్ డైమ్లర్ కారులో 77.6 సెకన్లలో పైకి చేరాడు. 1930లో జర్మన్ రేసర్ హాన్స్ స్టుక్ 42.8 సెకన్లలోనే ఎక్కేశాడు! యుద్ధకాలాల్లో ఆగినా, అదే కొండ మీద అదే క్లబ్ ఇప్పటికీ పోటీలు నడుపుతోంది.