సర్వర్ల భద్రతా నియమాలన్నీ యాన్సిబుల్‌తో ఒకేసారి అమలు చేయవచ్చా?

40 ఉబుంటు (లినక్స్) సర్వర్లకు సీఐఎస్ బెంచ్‌మార్క్ (భద్రతా సెట్టింగుల ప్రామాణిక జాబితా) మొత్తాన్ని యాన్సిబుల్‌తో (ఎన్నో సర్వర్లను ఒకేచోటి నుంచి కాన్ఫిగర్ చేసే సాధనంతో) ఒకే రాత్రిలో అమలు చేయవచ్చా అని అడిగారు. దయచేసి వద్దు. నేను అలాగే చేసి దెబ్బతిన్నాను.

ఐపీ ఫార్వర్డింగ్‌ను, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి వచ్చిన ట్రాఫిక్‌ను మరో నెట్‌వర్క్‌కు పంపడాన్ని, ఆపమని ఆ బెంచ్‌మార్క్ చెబుతుంది. రౌటర్ పని చేయని సర్వరుకు అది సరైన నియమమే. కానీ మా సర్వర్లలో కొన్ని డాకర్ కంటైనర్లను (విడివిడిగా ప్యాక్ చేసిన అప్లికేషన్లను) నడిపేవి. కంటైనర్ల ట్రాఫిక్ బయటికి వెళ్లాలంటే ఆ ఫార్వర్డింగ్ ఉండాలి. ప్లేబుక్ (యాన్సిబుల్ చేయాల్సిన పనులు రాసిన ఫైలు) ఒక్క ఎర్రర్ కూడా చూపకుండా ముగిసింది. కంటైనర్లకు మాత్రం డేటాబేసు అందలేదు. కారణం దొరికేసరికి తెల్లవారింది. ఇప్పుడు సర్వర్లను చేసే పనిని బట్టి ఇన్వెంటరీలో (యాన్సిబుల్ సర్వర్ల జాబితాలో) గ్రూపులుగా విడదీస్తాను. ఏ గ్రూపుకు ఏ నియమం మినహాయించానో, ఎందుకో, ఆ వేరియబుల్ పక్కనే రాసి పెడతాను.

అది వెంటనే బయటపడిన తప్పు. నన్ను ఎక్కువగా భయపెట్టింది మరొకటి. పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసే వరుసను ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వరులోకి లాగిన్ అయ్యే పద్ధతి) ప్రధాన కాన్ఫిగ్ ఫైల్లో చేర్చాం. ప్రతిసారీ ప్లేబుక్ అంతా సరిగా ఉందనే చెప్పేది. చాలా రోజుల తర్వాత చూస్తే ఒక సర్వరు ఇంకా పాస్‌వర్డ్ అడుగుతోంది! ఉబుంటులో ఆ ఫైలు పైభాగంలోనే, వేరే ఫైళ్లను కూడా చదవమనే ఇన్‌క్లూడ్ వరుస ఉంటుంది. క్లౌడ్-ఇనిట్ (సర్వరు తొలిసారి మొదలైనప్పుడు దాన్ని సిద్ధం చేసే ప్రోగ్రాం) సృష్టించిన చిన్న ఫైలు దాని ద్వారా ముందుగా చదవబడి పాస్‌వర్డ్‌ను అనుమతిస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వరులో నడిచే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాం) మొదట కనబడిన విలువనే తీసుకుంటుంది, తర్వాతిది పట్టించుకోదు.

అందుకే ఫైల్లో ఏముందో చూసి ఊరుకోకండి. ఎస్‌ఎస్‌హెచ్‌డీని పెద్ద అక్షరం టీ ఆప్షన్‌తో నడిపితే నిజంగా అమలయ్యే విలువలు కనిపిస్తాయి. ఆ తనిఖీని ప్లేబుక్‌లోనే ఒక టాస్కుగా పెట్టి, విలువ తేడాగా ఉంటే ప్లేబుక్ అక్కడే ఆగిపోయేలా చేయండి. మన సెట్టింగును ఆ ఇన్‌క్లూడ్ వరుస చదివే ఫోల్డరులోనే 00తో మొదలయ్యే పేరున్న ప్రత్యేక ఫైల్లో ఉంచితే అదే ముందుగా చదవబడుతుంది.

మొదట ప్లేబుక్‌ను చెక్ (ఏమీ మార్చకుండా నడిపేది), డిఫ్ (తేడాలు చూపేది) ఆప్షన్లతో నడిపి ఏమేం మారబోతోందో చదవండి. చెక్ మోడ్‌లో షెల్ టాస్కులు మామూలుగా నడవవు, కాబట్టి దాన్నే పూర్తిగా నమ్మవద్దు. తర్వాత, ఒకేసారి ఎన్ని సర్వర్లపై నడవాలో చెప్పే సీరియల్ విలువను 1గా పెట్టి, ఒక్కో సర్వరుకే అమలు చేయండి. ఎస్‌ఎస్‌హెచ్ మార్పులప్పుడు పాత సెషన్ మూసేయకుండా మరో టెర్మినల్ నుంచి కొత్తగా లాగిన్ అయి చూడండి. లోపలికి వెళ్లగలిగాకే రెండో సర్వరు.