పుస్తకంలో పర్యావరణం చదివే పిల్లలు చెత్త రోడ్డు మీద ఎందుకు వేస్తారు?

మీ ప్రశ్న చదివాను. నాలుగో తరగతి చదివే మీ బాబుకు పరిసరాల విజ్ఞానంలో మంచి మార్కులే వస్తున్నాయి, కాలుష్యం మీద పోస్టర్ వేసి ప్రైజ్ కూడా తెచ్చుకున్నాడు. కానీ చిప్స్ తినేసి కవర్ మాత్రం బండి మీద నుంచే విసిరేస్తాడు. మరి ఈ చదువు దేనికి అని అడిగారు.

నేను హన్మకొండకు దగ్గర్లో ఒక పల్లెలో సర్కారు బడి టీచర్‌ని. నేను చూసినంతలో పిల్లలు తమకు బాగా ఎరుకున్న చెరువును, చెట్టును, పువ్వును ప్రేమిస్తారు. ఎరుక లేనిదాన్ని పరీక్ష కోసం చదివి మర్చిపోతారు. పోస్టర్‌లో గీసిన భూగోళం మీ బాబుకు ఏమీ కాదు కదా.

పైనుంచి చెప్పేవాళ్లకు కొదవ లేదు. పర్యావరణం కోసం పోరాడే లాయరు ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లోనే సుప్రీంకోర్టు బడుల్లో పర్యావరణం తప్పనిసరిగా చెప్పాలంది. తర్వాత కేంద్రం పెట్టిన నేషనల్ గ్రీన్ కోర్ కింద బడుల్లో ఎకో క్లబ్బులు (పర్యావరణం పనులు చేసే పిల్లల బృందాలు) వచ్చాయి. 2015లో తెలంగాణ సర్కారు మొక్కలు నాటే పథకం హరితహారం మొదలయ్యాక మొక్కలూ వచ్చాయి. మొక్క నాటేరోజు అందరం ఫొటో దిగుతాం, ఎండాకాలం సెలవుల్లో నీళ్లు ఎవరు పోస్తారో మాత్రం ఎవరూ మాట్లాడరు. నాకు బాధ అక్కడే. జూన్‌లో బడికొచ్చి ఎండిన మొక్కను చూసిన పిల్లలకు, ఇదంతా ఉత్త మాటలే అని అర్థమైపోతుంది.

మా పిల్లల్లో నేను మార్పు చూసింది బతుకమ్మ పువ్వుల దగ్గర. పండుగకు ముందు ఐదో తరగతికి ఒక పని ఇచ్చాను. ఈసారి ఏ పువ్వు ఎక్కడ దొరికింది, నాయనమ్మ చిన్నప్పుడు అదే పువ్వు ఎక్కడ దొరికేది, అడిగి రాసుకు రావాలి. తంగేడు గుట్ట దగ్గర, చెరువు కట్ట వెంట ఇప్పటికీ ఉంది. గునుగు సంగతి అట్లా లేదు. ముసలమ్మలందరూ చేనులో, ఒడ్ల మీద మోపులకొద్దీ ఉండేదని చెప్పారట. పిల్లల ఇళ్లలో మాత్రం చాలామంది అంగట్లో కొన్నారు. ఎందుకు తగ్గిందో నేను చెప్పలేదు. ఒక అమ్మాయి లేచి, "మా పత్తి చేన్ల గడ్డి మందు కొట్టిన్రు సార్, గునుగు గూడ గడ్డే గద" అంది. వెనక నుంచి ఒక పిల్లవాడు, "మరి వానొస్తే ఆ మందు చెర్ల వడదా?" అన్నాడు. ఆ పూట లెక్కల క్లాసు మానేసి దాని గురించే మాట్లాడుకున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. మందు కొట్టే నాయన చెడ్డవాడని పిల్లలు ఇంటికెళ్లి కొట్లాడకూడదు. కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదు, దొరికినా ఆ కూలి గిట్టుబాటు కాదు. అది కూడా పాఠంలో భాగమే. చెడ్డవాళ్లూ మంచివాళ్లూ అని పంచేసి చెప్పే పర్యావరణ పాఠం రైతు బిడ్డను చిన్నబుచ్చుతుంది, అంతే.

ఆ తర్వాత వాళ్లే ఎండిన గునుగు కంకులు తెచ్చారు. అరచేతిలో నలిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. ప్రహరీ గోడ పొడుగునా చల్లారు. వానలకు మొలిచాక, కలుపనుకుని పీకబోయిన పెద్దమనిషికి పిల్లలే అడ్డం పడ్డారు. నేను ఒక్క మాట అనాల్సిన పని లేకపోయింది.

మీరు టౌన్‌లో ఉంటారు కాబట్టి మీకు చెరువు నయం. భద్రకాళి చెరువో వడ్డేపల్లి చెరువో, ఏది దగ్గరైతే అక్కడికి బాబును తీసుకెళ్లండి. ఒకసారి కాదు, ఎండల్లో, వానల్లో, చలికాలంలో. పొలాలకు నీళ్లు వదిలే తూము, చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే మత్తడి ఎక్కడున్నాయో ఇద్దరూ వెతకండి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి పోస్తే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కింద నేటికీ పంటలు పండుతున్నాయి. నీళ్లు పోయే దారి మూసుకుపోతే ఏమవుతుందో మన వరంగల్ 2020 ఆగస్టు వరదల్లో, మళ్లీ 2023 జులై వరదల్లో కళ్లారా చూసింది. మీ కాలనీలో పడ్డ వాన ఏ నాలాలోంచి ఏ చెరువుకు పోవాలో బాబుతో కలిసి నడిచి చూడండి. కవర్లు ఎక్కడ తట్టుకుని ఆగాయో దారిలోనే కనిపిస్తుంది, తిట్టే అవసరం రాదు. ఇంట్లో మీరు కూడా బండికి ఒక గుడ్డ సంచి తగిలించుకోండి. వాడు మిమ్మల్ని చూసే నేర్చుకుంటాడు.

పేరెంట్స్ మీటింగ్‌లో పోటీల సంగతి పక్కనపెట్టి, బడిలో నాటిన మొక్కలకు ఎండాకాలం నీళ్లు ఎవరు పోస్తారో అడగండి. జవాబు రాకపోతే బడికి దగ్గర్లో ఉన్న నాలుగిళ్లవాళ్లు వంతులు వేసుకోండి. మా దగ్గర వేపలు, కానుగలు అట్లాగే నిలబడ్డాయి.